చివరి వరుసకు మాట చేరాలి



గాంధీగారు, నెహ్రూగారు బహిరంగ సభల్లో మాట్లాడుతున్న పాత ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఈసారి అటువంటి ఫోటో కంటబడితే, నాయకుని ముఖం చూసిన తరువాత ఆయన ముందున్న మైకును కూడా ఒకసారి చూడండి. చాలా ఫోటోల్లో ఆ మైకుకు బిగించిన చిన్న రేకు మీద ‘చికాగో రేడియో’ అని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. చికాగో అమెరికాలోని పట్టణం గనుక అది అమెరికా వారి కంపెనీ అనుకుంటాం. కాని అది మన దేశస్థులు, సింధు ప్రాంతపు ఒక కుటుంబం వారు పెట్టిన సంస్థ.

నేను మా సంఘంలో లెక్కలు చూసేవాడిని. మైకులు తయారుచేసేవారి చరిత్రతో నాకేమి పని అని మీరు అడగవచ్చు. కొన్నేళ్ళ క్రిందట మా సంఘంలో మైకు సెట్టు గురించి పెద్ద చర్చ జరిగింది. దాదాపు ఏడాదిపాటు సాగింది. ఆ సందర్భంలో అసలు ఈ మైకులు, హారన్లు మన దేశానికి ఎలా వచ్చాయి, ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అని తెలిసినవారిని అడిగి, దొరికినవి చదివి తెలిసికొన్నాను. అది మా చర్చకు ఎంతో మేలు చేసింది. మీ సంఘాలకు కూడా పనికివస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

మైకు లేని రోజులు

ముందుగా మైకులు లేని కాలాన్ని తలచుకోవడం మంచిది. మన ప్రభువు గలిలయ సముద్రపు ఒడ్డున జనసమూహం మీద పడుతుంటే సీమోను దోనె ఎక్కి, దానిని దరి నుండి కొంచెం త్రోయించి, అందులో కూర్చుండి బోధించినట్లు లూకా సువార్త అయిదవ అధ్యాయంలో చదువుతాం. సముద్రం ప్రక్కన పుట్టిపెరిగిన మనకు అది బాగా అర్థమవుతుంది. గాలి తగ్గిన ఉదయాన నీళ్ళ మీద దూరంగా ఉన్న పడవలో మనుషులు మామూలుగా మాట్లాడుకున్నా ఒడ్డున మనకు వినపడుతుంది. నీటిపై చల్లని గాలి ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా క్రిందికే వంగి దూరం ప్రయాణిస్తుంది.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో మరొక ఏర్పాటు కనబడుతుంది. నీటి గుమ్మము ఎదుట మైదానంలో జనులందరూ కూడుకొన్నారు. ఎజ్రా అందుకోసమే చేసిన కఱ్ఱపీఠం మీద నిలబడి ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనులకు దాని అర్థం తెలియజేశారు. పీఠం ఎత్తుగా ఉన్నది గనుక మాట దూరం పోయింది. వివరించేవారు ఉన్నారు గనుక మాట మనసుకు అందింది. రెండూ కావలసి వచ్చాయి.

మన తెలుగు సంఘాల చరిత్రలోనూ ఇంతే. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద జూవెట్ దొరగారు, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు మోకరించి ప్రార్థించారు. ఆ స్వరాలు కొండ దిగువకు కూడా వినిపించి ఉండవు. తరువాత క్లౌ దొరగారి కాలంలో, 1876 మొదలు 1878 వరకు పెద్ద కరువు వచ్చినప్పుడు, మన నెల్లూరు తీరం వెంబడి పోయే ఈ బకింగ్‌హాం కాలువలోనే మూడు మైళ్ళకు పైగా త్రవ్వకం పనిని ఆయన కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. కూలీలు పని ఆపి విశ్రాంతిగా కూర్చున్నప్పుడు బోధకులు వారి మధ్యనే కూర్చుండి సువార్త చెప్పారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ పనిలో యంత్రం లేదు, హారను లేదు. మనిషి ప్రక్కన మనిషి కూర్చుని చెప్పిన మాట ఉన్నది.

మైకు లేకపోతే సువార్త ఆగదు. ఈ సంగతి మొదట మనసులో పెట్టుకుంటే, మైకును ఎంతవరకు గొప్ప చేయాలో మనకు తెలుస్తుంది.

అయితే మైకు లేక జనం నష్టపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారు మన నెల్లూరు దగ్గర పల్లిపాడుకు వచ్చి, పెన్నా ఒడ్డున పినాకిని సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆయనది పెద్ద గొంతు కాదు, మెల్లగా మాట్లాడేవారు. ఆ రోజుల్లో అటువంటి సభలకు మైకులు లేవు. ముందు వరుసల వారికి మాటలు, వెనుక వారికి దర్శనం మాత్రమే దక్కేది. మైళ్ళ కొద్దీ నడిచి వచ్చిన పేదవాడు సాధారణంగా ఎక్కడ నిలబడతాడు? వెనుకనే.

సింధు నుంచి వచ్చిన కుటుంబం

గొంతును పెద్దది చేసే యంత్రం మొదట అమెరికాలో తయారైంది. డెన్మార్కు దేశం నుంచి అమెరికాకు వెళ్ళిన పీటర్ జెన్‌సెన్, అతని స్నేహితుడు ఎడ్విన్ ప్రిడాం కలిసి కాలిఫోర్నియాలోని నాపా అనే ఊరిలో దానిని తయారుచేశారు. 1915లో క్రిస్మస్‌కు ముందు రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వేలాది జనానికి దాని ద్వారా సంగీతం వినిపించారు. క్రీస్తు జనన పండుగ ముందటి రాత్రే ఆ పని జరిగిందని తెలిసినప్పుడు నాకు సంతోషం కలిగింది. వారి కంపెనీ పేరు ‘మాగ్నావాక్స్’. లాటిన్ భాషలో పెద్ద స్వరం అని అర్థం. 1919 సెప్టెంబరులో శాన్‌డియాగోలో అమెరికా అధ్యక్షుడు విల్సన్ ఆ యంత్రం ద్వారానే సుమారు 50,000 మందితో మాట్లాడారు.

మన దేశంలో జ్ఞాన్‌చంద్ మోట్వానీ అనే ఆయన 1909లో, ఇప్పుడు పాకిస్తానులో ఉన్న సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణంలో విద్యుత్ సామాను అమ్మే వ్యాపారం ఆరంభించారు. అక్కడినుంచి కరాచీకి, తరువాత బొంబాయికి మారారు. అమెరికా నుంచి టెలిఫోను సామాను తెప్పించి అమ్మడంవల్ల ‘చికాగో’ అనే పేరు వారి కంపెనీకి వచ్చింది. రేడియోలు వచ్చాక ‘చికాగో రేడియో’ అయింది.

ఆయన కుమారుడు నానిక్ మోట్వానీ. గాంధీగారు సభలో ఒక వేదిక మీద కొంత మాట్లాడి, దిగి, మరొక వేదిక దగ్గరకు నడిచి వెళ్ళి అక్కడి జనానికి మళ్ళీ చెప్పవలసి వస్తున్నదని ఈ యువకుడు చూసి బాధపడ్డాడని ఆ సంస్థవారు చెప్పుకొంటారు. అంత పెద్ద జనం అంత దూరం నుంచి వచ్చి ఒక్క మాటైనా వినకుండా వెళ్ళిపోతున్నారే అన్నది అతనికి పట్టుకొన్న దిగులు. 1931లో సర్దార్ పటేల్ అధ్యక్షతన కరాచీలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు నానిక్ తన మైకులు, లౌడుస్పీకర్లు అక్కడ ఏర్పాటు చేశాడు. అది మొదలు ఏళ్ళ తరబడి కాంగ్రెసు సభ ఎక్కడ జరిగితే అక్కడికి చికాగో రేడియో వారి పెట్టెలు, మనుషులు వెళ్ళేవారు.

ఆ రోజుల యాంప్లిఫయరు అంటే ఇప్పటి మాదిరి చేతి సంచిలో పట్టేది కాదు. లోపల గాజు వాల్వులు ఉండేవి. స్విచ్చి వేసిన వెంటనే పలికేది కాదు, వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. కుదుపుకు గాజు పగులుతుంది. కరెంటు లేని మైదానాల్లో అంత బరువైన సామాను దింపి, స్తంభాలు పాతి, తీగెలు లాగి, సమయానికి పలికించడం ఎంత శ్రమో ఒకసారి ఆలోచించండి. వెనుక వరుసలో నిలబడిన కూలివాడు మొదటిసారి తన నాయకుని మాట చెవులారా విన్నాడంటే ఈ శ్రమ వలననే.

నానిక్ మోట్వానీ వ్యాపారస్థుడు కూడా. ప్రతి మైకుకు తన కంపెనీ పేరు కనబడేలా రేకు బిగించాడు. అందులో ప్రకటన ఉన్నది. దానిని తప్పు పట్టనవసరం లేదు, పనివాడు జీతమునకు పాత్రుడే గదా. అయితే పరీక్ష వచ్చినప్పుడు అతని మనసు బయటపడింది. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమంలో నాయకులందరినీ జైలులో పెట్టిన తరువాత, 22 ఏళ్ళ ఉషా మెహతా, ఆమె స్నేహితులు బొంబాయిలో రహస్యంగా ‘కాంగ్రెసు రేడియో’ నడిపారు. పోలీసులకు దొరకకుండా ఇండ్లు మారుస్తూ వార్తలు చదివేవారు. వారికి కావలసిన సామాను, సహాయం చికాగో రేడియో నుంచి అందాయి. ఆ సంవత్సరం నవంబరులో పోలీసులు వారిని పట్టుకొన్నారు. ఉషా మెహతాకు నాలుగేళ్ళ జైలుశిక్ష పడింది. నానిక్ మోట్వానీ కూడా అరెస్టయి విచారణ ఎదుర్కొన్నారు. చివరకు కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. తాను చేసిన పనిముట్టు ఎవరికోసం పలకాలో ఆయనకు తెలుసు. దాని కోసం నష్టపడడానికి వెనుకాడలేదు.

1947లో దేశ విభజన జరిగి వారి స్వంత ప్రాంతం పాకిస్తానుకు పోయింది. సంస్థ మాత్రం ఇక్కడే కొనసాగింది. మీ ఊరి కరెంటు పనివాని సంచిలో ‘మోట్వానే’ అని వ్రాసిన మీటరు ఉండవచ్చు. అది ఆ ఇంటిపేరే. నాసిక్‌లో ఆ కుటుంబపు సంస్థ చేసే వస్తువు.

మా ఊరి హారను

పల్లెల్లో మనకు ఎక్కువగా తెలిసిన పేరు మరొకటి, ఆహుజా. ఢిల్లీలో 1940లో మొదలైన సంస్థ ఇది. గుడి, మసీదు, చర్చి, ఎన్నికల జీపు, పెండ్లి పందిరి, ఎక్కడ చూసినా ఆ పేరున్న యాంప్లిఫయర్లు, హారన్లే. మా తీరంలో ‘ఆహుజా తీసుకురా’ అంటే మైకు సెట్టు తెమ్మని అర్థం. పాత రోజుల్లో హారను రికార్డు పాట ఏ దిక్కున పలికితే ఆ దిక్కున పెండ్లి అని గుర్తు.

మా మందిరానికి కూడా హారన్లు, 12 వోల్టుల బ్యాటరీతో పనిచేసే యాంప్లిఫయరు ఒకటి, చిన్న మొత్తాలు కూడబెట్టి కొన్నారు. ఉప్పు గాలికి తీగెల చివరలు పచ్చగా చిలుము పట్టేవి. నెలకొకసారి గరుకు కాగితంతో రుద్దేవారు.

1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుఫాను తీరం దాటింది. అప్పటికి పన్నెండేళ్ళ క్రిందట, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయిన సంగతి మా పెద్దలెవరూ మరచిపోలేదు. తుఫానుకు ముందే కరెంటు పోయింది. రేడియోలో హెచ్చరిక వచ్చింది గాని బ్యాటరీ రేడియో ఎన్ని గుడిసెల్లో ఉంటుంది? అప్పుడు మా సంఘ యౌవనస్థులు మందిరం మీది హారను దింపి, ఒకరి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, ఎడ్ల బండి మీద కట్టి, వాన మొదలవుతుండగా వీధి వీధికి తిప్పారు. మాలపల్లె, యానాదుల ఇండ్లు, సముద్రపు ఒడ్డున పట్టపుపాళెం, ఊళ్ళో పెద్ద వీధి, అన్నిటికీ ఒకే మాట: ‘పిల్లల్ని, ముసలివాళ్ళను తీసుకొని బడి మిద్దెకు రండి. గొడ్ల పలుపులు విప్పేయండి.’ ఆ రాత్రి ఎవరూ ఇది ఎవరి హారను అని అడగలేదు. తెల్లవారేసరికి ఎన్నో ఇండ్లు నేలమట్టమై ఉన్నాయి. ఆ ఇండ్లవాళ్ళు బడి మిద్దె క్రింద బ్రతికి ఉన్నారు. దేవునికి స్తోత్రము.

చర్చ ఎందుకు వచ్చింది

ఇప్పుడు మొదట చెప్పిన చర్చకు వస్తాను. మా మందిరం విస్తరించింది. యౌవనస్థులు పెద్ద యాంప్లిఫయరు, పెద్ద బాక్సులు కొనాలన్నారు. మందిరం మీది హారన్లు కూడా రెండు నాలుగు కావాలన్నారు. వారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. ‘ధనుర్మాసంలో వాళ్ళు పెడుతున్నారు, పెండ్లిళ్ళకు డీజేలు అర్ధరాత్రి దాకా మ్రోగుతున్నాయి. మనమే తగ్గితే భయపడ్డారనుకుంటారు’ అన్నారు. పల్లెలో చిన్న సంఘానికి అటువంటి అవమానభయం ఎలా ఉంటుందో పట్నంలో కూర్చున్నవారికి తెలియదు.

అదే వారంలో వీధి అవతలి ఇంటి మాస్టారుగారు మా అయ్యగారి దగ్గరకు వచ్చారు. ఆయన హిందువు, రిటైరయిన ఉపాధ్యాయుడు. మా సంఘంలో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆయనే. ‘అయ్యగారూ, మీ పాటల మీద నాకేం కోపం లేదు. మా ఇంటామెకు రాత్రంతా ఆయాసం. తెల్లవారుజామున నాలుగింటికి కాస్త కన్ను మూతపడుతుంది. నాలుగున్నరకు మీ హారను మొదలవుతుంది. దాన్ని తీసేయమని అడగను. తుఫాను రాత్రి మా ఇంటిల్లిపాదినీ లేపింది అదే హారను. కొంచెం ఆలోచించండి, అంతే’ అన్నారు. మంచినీళ్ళు త్రాగి వెళ్ళిపోయారు.

కమిటీలో మాటలు పెరిగాయి. ఒకరు సువార్త ఆగిపోతుందన్నారు. ఒకరు పోలీసు స్టేషను దాకా పోతుందన్నారు. అప్పుడు అయ్యగారు ఎవరి పక్షమూ మాట్లాడకుండా, చివరి వరుసలో ఎప్పుడూ కూర్చునే ఒక ముసలమ్మను పిలిపించి, ‘అమ్మా, వాక్యం బాగా వినపడుతుందా?’ అని అడిగారు. ఆమె విధవరాలు, రెండు చేపల గంపలు అమ్ముకొని బ్రతికే మనిషి. ‘అరుపు బాగా వినపడతా ఉంది నాయనా. మాటే తెలియడంలా’ అన్నది.

ఆ ఒక్క మాటతో గది నిశ్శబ్దమైపోయింది. ఊరు మొత్తానికి వినపడుతున్న వాక్యం మందిరం లోపలి చివరి వరుసకు అర్థం కావడం లేదు!

దానికి కారణం మా సంఘంలోనే మైకు పని తెలిసిన అబ్బాయి వివరించాడు. హారను లోపల యూనిట్ అనే చిన్న పొర వణుకుతుంది. ఇరుకు గొంతు నుంచి వెడల్పు నోటిదాకా పెరిగే రేకు గొట్టం ఆ వణుకును గాలికి చక్కగా అందించి, ఒకే దిక్కుకు తోస్తుంది. అందుకే తక్కువ కరెంటుతో దూరం పోతుంది. అది మైదానానికి, హెచ్చరికకు తగినది. దానిని మందిరం లోపల పెడితే శబ్దం గోడలకు, రేకుల కప్పుకు కొట్టుకొని తిరిగి వచ్చి, ఒక మాట మీద మరొక మాట పడుతుంది. శబ్దం పెంచితే ఆ గందరగోళం కూడా పెరుగుతుంది. మైకు తన శబ్దాన్ని తానే విని మళ్ళీ పంపడం వలననే కూతపెడుతుంది. పైగా చెవికి శబ్దం రెట్టింపుగా తోచాలంటే యాంప్లిఫయరు శక్తి సుమారు పదింతలు కావాలి. అంటే పెద్ద బాక్సులకు పోసే డబ్బులో ఎక్కువ భాగం వృథాయే. దానికి బదులు గోడకు నిలువుగా బిగించే సన్నని కాలం స్పీకర్లు పెట్టి, జనం వైపు కొంచెం వంచి, తక్కువ శబ్దంతో పలికిస్తే, కప్పుకు పోయే శబ్దం తగ్గి మాట స్పష్టంగా చెవికి చేరుతుందన్నాడు.

చట్టం సంగతి కూడా తెలిసికొన్నాం. 2000 సంవత్సరంలో కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్య నియమాలు చేసింది. లౌడుస్పీకరుకు అధికారుల వ్రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బయటికి పలికించకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. ప్రజలకు ఆపద వచ్చిన సమయానికి మాత్రం రాత్రి నిషేధం నుంచి మినహాయింపు ఉన్నది. అదే సంవత్సరం ఆగస్టు 30న సుప్రీంకోర్టు మద్రాసులోని ఒక సంఘం విషయమై తీర్పు ఇస్తూ, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదన్నది. ఆ తీర్పు వచ్చింది ఒక క్రైస్తవ సంఘం వ్యాజ్యంలో అన్నది మనం ఆలోచించవలసిన సంగతి.

కాని మా సంఘం నిర్ణయించింది చట్టానికి భయపడి కాదు. నానిక్ మోట్వానీ కథ నేను ఆ కూడికలో చెప్పాను. అతడు లౌడుస్పీకరు తెచ్చింది సభకు వచ్చి వెనుక నిలబడినవాని కోసం. సభకు రానివాని చెవి బలవంతంగా తెరవడానికి కాదు. యంత్రం పుట్టిన కారణం మరచిపోతే అది ఎంత బాగా పలికినా పని చేయనట్టే. పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదునాలుగవ అధ్యాయంలో తెలియని వేల మాటల కంటె అర్థమయ్యే అయిదు మాటలే మేలన్నాడు. బూర స్పష్టంగా ఊదకపోతే యుద్ధానికి ఎవడు సిద్ధపడతాడని కూడా అక్కడే అడిగాడు.

యౌవనస్థులు కొంచెం నొచ్చుకొన్నారు. అయినా లోపల కాలం స్పీకర్లు బిగించే పని వారికే అప్పగించారు అయ్యగారు. పెద్ద బాక్సులకు చెప్పిన ధరలో సగం కూడా కాలేదు. మందిరం మీది హారన్లు తెల్లవారుజామున పలకడం ఆగింది. ఆ ఆదివారం ఒక అబ్బాయి కావాలని చివరి వరుసలో ముసలమ్మ ప్రక్కన కూర్చుని, ప్రసంగం అయ్యాక ఏమి విన్నావని అడిగాడు. ఆమె వరుసగా చెప్పుకుపోతుంటే అతనికి నవ్వు ఆగలేదు.

హారన్లను మాత్రం అమ్మలేదు. ఒకటి బ్యాటరీతో సహా మందిరం బీరువాలో ఉన్నది. ప్రతి సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, తుఫానుల కాలానికి ముందు, తీగెలు రుద్ది, బ్యాటరీ ఛార్జి చేసి, పగటిపూట ఒక్క నిమిషం పలికించి చూస్తాం. ఆ పని నేర్చుకొన్నవారిలో మాస్టారుగారి మనవడు కూడా ఉన్నాడు. 2004 డిసెంబరు 26న సునామీ మన నెల్లూరు తీరాన్ని కూడా తాకింది. అందుకే ఆ ఏర్పాటును ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

మన సంఘాలకు కొన్ని మాటలు

మైకు సెట్టు కొనబోయే సంఘాలు ముందుగా ఒక పని చేయండి. ప్రసంగం జరుగుతుండగా పెద్దలలో ఒకరు చివరి వరుసలో, ఒకరు తలుపు దగ్గర, ఒకరు వీధిలో నిలబడండి. చివరి వరుసలో మాట స్పష్టంగా ఉన్నదా? వీధిలో అవసరానికి మించి ఉన్నదా? ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏమి కొనాలో తెలిసిపోతుంది. చెవి సరిగా వినపడని పెద్దలను స్పీకరుకు దగ్గరగా కూర్చోబెట్టండి. మైకును నోటికి దగ్గరగా పెట్టుకొని మెల్లగా, విడమరచి చదవడం వాక్యం చదివే పిల్లలకు నేర్పండి. డబ్బు ఖర్చులేని మేలు ఇది. ప్రక్కింట్లో జబ్బు మనిషి ఉంటే, పరీక్షలు ఉంటే, వారు వచ్చి అడగకముందే మీరు వెళ్ళి అడగండి. ఆ అడగడం కూడా సాక్ష్యమే.

ప్రియులారా, ఏలీయాకు ప్రభువు గాలిలో గాని, భూకంపంలో గాని, మెరుపులో గాని కాక మిక్కిలి నిమ్మళమైన స్వరంలో ప్రత్యక్షమయ్యాడు. ఆ స్వరాన్ని మించి పలకవలసిన అవసరం మన యంత్రాలకు లేదు. ఆ స్వరం వినడానికి వచ్చిన పేదవాడు, చెవిటివాడు, ఆలస్యంగా వచ్చి తలుపు దగ్గర నిలబడినవాడు వట్టి చేతులతో తిరిగి వెళ్ళకుండా చూడడమే మన భాగం. ప్రభువు అందుకు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.